తోమేసిన రెండు అలుగులు

మ్యూజియంలో ఆయన్ని అందరూ తోముడాయన అనేవారు. పేరుకు తగ్గ మనిషే. ఇన్నేళ్లూ ఇత్తడి, రాగి పాత్రల గదిలో పనిచేసి, మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోని స్థితికి వచ్చేశాడు. ఇంట్లో తలుపు గడియలు కూడా తళతళలాడేవి. తన బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని, అది ఆయన కంటబడకుండా తిరుగుతున్నానని భార్య పక్కింటావిడతో వేళాకోళమాడేది.

అలాంటి మనిషిని కత్తుల గదికి మార్చారు. అక్కడ పిడులు ఊడిపోయి అలుగులు మాత్రమే మిగిలిన రెండు పాత కత్తులు ప్రదర్శనకు సిద్ధమవుతున్నాయి. రెండూ మట్టి మూసలో కరిగించి తీసిన ఉక్కువే. ఒకటి భారతదేశంలో చేసింది, దాని మీద సన్నని, దట్టమైన చారలు. రెండోది పర్షియాది, దాని మీద పెద్ద సుడులు, వాటికి అడ్డంగా నిచ్చెన మెట్లలాంటి గీతలు. జనం ఆ రెండింటినీ పోల్చి చూడాలన్నదే ప్రదర్శన ఉద్దేశం. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆయన కంటికి అవి మొండి మరకలు. పర్షియా అలుగును మెరిసేదాకా తోమాడు. ఒకటి మెరిసి ఒకటి మాసి ఉంటే ఏం బాగుంటుందని రెండోదాన్నీ తోమేశాడు. రెండూ కవలల్లా తయారయ్యాక తృప్తిగా టీ తాగి వచ్చేసరికి, గోడకు తగిలించడానికి ఫొటోలు తెచ్చి పెట్టారు. వాటిలో ఆ చారలనే పెద్దవి చేసి చూపించారు.

అవి మరకలు కావని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఏ అలుగు ఎక్కడిదో కూడా ఇప్పుడు గుర్తుపట్టలేడు. ఉద్యోగం పోతే పోయింది, ఎప్పటి కమ్మరుల పనితనాన్నో చేతులారా తుడిచేశానే అని ఏడుపొచ్చింది. తిన్నగా వెళ్లి ఆ గది బాధ్యత చూసే మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. చేతులకు తొడుగులు వేసుకుని, పలచని యాసిడ్‌లో ముంచిన దూదితో ఒక అలుగును మెల్లగా రుద్దింది. ఏమీ కనిపించలేదు. మళ్లీ రుద్దింది. బూడిదరంగులో ఒక సుడి, పక్కన ఇంకొకటి, వాటికి అడ్డంగా నిచ్చెన మెట్లు తేలాయి.

"ఇది పర్షియాదండీ," అంది. "ఈ చారలు పైన పూసినవి కావు. మూసలో ఉక్కు నిదానంగా చల్లారేటప్పుడే లోపల బీజం పడింది, యాసిడ్ తగిలితే మళ్లీ పైకి తేలతాయి. ఈ మెట్లు మాత్రం పైపొరలోనే ఉంటాయి, మీరు మరీ లోతుగా అరగదీయలేదు కాబట్టి సరిపోయింది."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. బతికిపోయానురా దేవుడా అనుకున్నాడు. రెండో అలుగు మీద సన్న చారలు తేలేసరికి కళ్లు తుడుచుకున్నాడు. చూస్తే మేడమ్ కూడా గోడకు ఆనుకుని నిలబడి, తొడుగులు తీసేసి నుదుటి చెమట తుడుచుకుంటోంది.

"ఒక్క మాటా అనలేదేంటి మేడమ్?" అని అడిగాడు.

"నోట్లోంచి మాట వస్తేగా," అందావిడ.