రంగేసిన పడవ, తప్పిన లెక్క

మా మేనకోడలు స్రవంతి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పరిశోధన చేస్తోంది. ఫైబర్ వస్తువుకి దెబ్బ తగిలితే లోపల ఎంత పాడవుతుందో కంప్యూటర్లో లెక్క కట్టడం ఆమె పని. ఇంటర్ తప్పిన నాకు అర్థమైనంతవరకు, గాజు దారాల గుడ్డని జిగురుతో పొరలు పొరలుగా అంటిస్తే ఫైబర్. ఇనుమైతే సొట్ట పడి ఊరందరికీ చెబుతుంది. ఫైబర్ పైకి నవ్వుతూనే లోపల పొరలు విడిపోతుంది, అచ్చం మా అన్నదమ్ముల్లాగా.

కొల్లేరు పక్క అగడాలలంకలో నాకు తెలిసిన చేపల చెరువు రైతు ఏడుకొండలు గారి ఫైబర్ పడవలో, గట్టు మీంచి మోటారు జారి పడింది. బరువెంత, ఎంత ఎత్తునుంచి అని ఫోన్లో అడిగి స్రవంతి లెక్క వేసింది. నిమ్మకాయంత మచ్చ, పడవకి ఢోకా లేదని కంప్యూటర్ తేల్చింది. అసలు పడవ కూడా అదే చెబితే ఆమె ఏడాది పని గట్టెక్కినట్టే. ఎక్కొచ్చన్న మాట కోసమే ఏడుకొండలు గారు పడవని గట్టుకెక్కించి కాచుకున్నారు.

ఉదయం తాడేపల్లిగూడెంలో ప్యాసింజర్ ఎక్కి, అరగంట పైచిలుకులో భీమడోలులో దిగాం. బస్సులకేం తక్కువ లేదు, చోటుకే. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ ఆరువందలు.

"పక్షులు చూట్టానికాండీ?" అన్నాడు డ్రైవర్ బాషా.

"కాదండీ. ఈవిడ పడవల డాక్టరు. ఆపరేషన్ సుత్తితో చేస్తుంది."

స్రవంతి నా కాలు తొక్కింది. బాషా వెనక్కి తిరక్కుండానే, "మా ఆటోకి ఆ ఖర్చు అక్కర్లేదండీ, గతుకులే చేసేస్తున్నాయి" అన్నాడు. అటూ ఇటూ చెరువులు, గట్ల మీద గూడబాతులు, గాలినిండా చేపల మేత వాసన. ముక్కు సున్నితమైనవాళ్ళు రుమాలు తెచ్చుకోవాలి.

గట్టున పడవ నీలంగా మెరిసిపోతోంది, ముక్కున పసుపూ కుంకుమా. స్రవంతి మొహం పాలిపోయింది.

"మేడం గారు ఫొటోలు తీస్తారన్నారు కదండీ, మచ్చతో ఏం బాగుంటుంది?" అన్నారు ఏడుకొండలు గారు. "నిన్ననే రెండు కోటింగులు వేయించానండీ. లోపల కూడానండి."

దెబ్బ తిన్నచోట పొరలు విడి తెల్లగా కనపడతాయి. మేం వచ్చిందే ఆ తెలుపు కోసం. మా జిల్లా మర్యాద ఇంతే, రోగిని డాక్టరుకి పౌడరు రాసి మరీ చూపిస్తాం.

"పూలకుండీలు కూడా పెట్టాల్సిందండీ," అన్నాను.

"రంగొద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నానండీ," అన్నారు ఆయన భార్య దుర్గమ్మ గారు. "ఇంతకీ ఎక్కొచ్చా అమ్మా? చెరువు మధ్య కర్రలకి మేత సంచులు కట్టడానికి రోజూ నేనూ వెళ్ళాలి. నాకు ఈత రాదు."

స్రవంతి నా జేబులోంచి రూపాయి బిళ్ళ లాక్కుని పడవ అడుగున కొట్టడం మొదలుపెట్టింది. బాగున్నచోట టింగుమంది. దెబ్బచోట తడిసిన అట్టని కొట్టినట్టు మొద్దుగా మోగింది. మొద్దు మోత ఆగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టింది. గీత నిమ్మకాయ దాటింది, కొబ్బరికాయ దాటింది, చివరికి విస్తరాకంత అయింది.

"మోటారు పడ్డాక పడవ నడిపారాండీ?"

"నడపకేం? మొన్న కిర్రుమందని ఈవిడ గోల పెట్టేదాకా రోజూ మేత మోశామండీ."

స్రవంతి పక్కన తెరిచి పెట్టుకున్న లాప్‌టాప్ మూసేసింది. ఆమె లెక్కలో పడ్డ దెబ్బ ఉంది, ఆ తర్వాత మోసిన, పొరల్ని ఇంకా విడదీసిన బరువులు లేవు.

"రంగు వల్ల మోత సరిగ్గా వినపళ్ళేదని రాసేసుకో, ఎవరడుగుతారు?" అన్నాను చెవిలో. నా బుద్ధి నాది.

"ఆవిడకి ఈత రాదు మావయ్యా," అని లేచి వాళ్ళవైపు తిరిగింది. "కంప్యూటర్ ఎక్కమందండీ. అది తప్పు. ఎక్కకండి."

ఏడుకొండలు గారు పడవ ముక్కున చెయ్యేసి నిమిరారు. "రెండు కోటింగులండీ," అన్నారు నెమ్మదిగా. దుర్గమ్మ గారు మాత్రం స్రవంతి చెయ్యి పట్టుకుని భోజనానికి లోపలికి లాక్కెళ్ళారు.

తిరుగు ప్రయాణంలో స్రవంతి, పడవలో ఏ రోజు ఎంత మేత వేశారో ఏడుకొండలు గారిని ఫోన్లో అడుగుతూనే ఉంది. ఏడాది పని మళ్ళీ మొదలు. ఊళ్ళో పెద్దమనుషులు తమ తప్పు ఒప్పుకోవడానికి పంచాయితీలు పెట్టించుకోవడం చూశాను, ఈ పిల్లకి రెండు ముక్కలు సరిపోయాయి. మీరు కొల్లేట్లో ఫైబర్ పడవ ఎక్కబోతే ముందు అడుగున నాలుగుచోట్ల నాణెంతో కొట్టి వినండి. ఎక్కడైనా మొద్దుగా మోగితే మొహమాటపడకుండా ఇంకో పడవ అడగండి.