తునికాకు వేళ, బాలవాడి వేళ

మొన్న పొద్దున పదకొండింటికి ఫోన్ పట్టుకుని ఒక సర్వే అమ్మాయి మా ఇంటికి వచ్చి, దవాఖానాలో రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్న మా కోడలిని తలుపులోంచి చూసి, నన్నేమీ అడక్కుండానే ‘పనికి వెళ్ళరు’ అని పైకే అనుకుంటూ నొక్కేసింది. కోపం ముంచుకొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది, ఎందుకంటే నలభై ఏళ్ళ కిందట అచ్చంగా ఈ తప్పే చేసిన మహాతల్లిని నేను.

అప్పుడు నాది కొత్త ఉద్యోగం. పనికి పోయే ఆడవాళ్ళ పిల్లల కోసం సర్కారు పెట్టిన బాలవాడులు అక్కరకొస్తున్నాయో లేదో చూసి రాయాలి. నేను అక్కరలేదంటే అది మూతపడుతుంది. అలా కొత్తగూడెం దాటి, బస్సు దిగి, బండిబాటన నడిచి ఒక గూడెం చేరాను. ఆ రోజుల్లో క్యాంపులు తిరిగినవాళ్ళకు తెలుసు, ఎవరు చోటిస్తే వాళ్ళే మనకు చుట్టాలు. నాకు చోటిచ్చిన పెద్దావిడను అత్తా అనేదాన్ని. ఆవిడ పోసిన జొన్న అంబలి రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

నేనేమో ఎండ మొహాన పడేదాకా లేవని ఖమ్మం పిల్లను. తీరిగ్గా తయారై మూడు రోజులూ పదింటికి బాలవాడికి వెళ్ళాను. టీచరమ్మ తప్ప ఒక్క పిల్లా లేదు. తల్లులు ఇళ్ళ ముందు పందిళ్ళ కింద, బిడ్డల్ని పక్కనేసుకుని బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతున్నారు. ఇంకేం, తల్లులు ఇంటిపట్టునే ఉన్నారు, బాలవాడి అక్కరలేదు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసి, ఆ సంగతి గొప్పగా అత్తకు చెప్పాను.

“ఏంది బిడ్డా, పొద్దెక్కినంక వచ్చి ఇంట్లున్నరని రాస్తవా? ఆకుకు తెల్లారకముందే పోతం. గప్పుడు పిల్లలు ఎక్కడుంటరో చూసినవా?” అని ఆవిడ కస్సుమంది.

మర్నాడు కోడికూతకే నన్ను లేపి అడవికి తీసుకెళ్ళింది. ఆవిడ కోడలు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, ఏడాది పాపను పడుకోబెట్టి, ఆకు కోసుకుంటూ చెట్లలోకి దూరంగా వెళ్ళిపోయింది. కాసేపటికి పాప గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకున్నాను, చీమలు కుట్టి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

రాసింది చించేసి, ఆకు రోజుల్లో బాలవాడి తెల్లవారుజామునే తెరవాలని మళ్ళీ రాశాను. ఫారంలో వేళ రాసే గడే లేదని మా పెద్దసారు విసుక్కుంటే, పక్కన ఖాళీలో రాశాను చూడండి సార్ అని మొండికేశాను. టీచరమ్మ తొమ్మిదింటి బస్సుకు గానీ రాలేని మనిషి కనుక, మరుసటి వేసవికి తాళంచెవీ, ఆవిడ వచ్చేదాకా పిల్లల్ని చూసే పనీ అత్తకే ఇచ్చారని కబురొచ్చింది. ఆ రోజు ఎంత సంబరపడ్డానో!

సర్వే అమ్మాయిని కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కోడలి డ్యూటీ సంగతి చెప్పి దిద్దించాను. సాయంత్రంలోగా ఇంకా బోలెడన్ని ఇళ్ళు తిరగాలట, పాపం. మేము నాలుగేసి రోజులు ఊళ్ళోనే తిని, పడుకుని రాసేవాళ్ళం, అయినా తప్పు రాశాం. గడపలోనే నిలబడి వెళ్ళిపోయే ఈ పిల్లను కోడికూతకు లేపే అత్త ఎక్కడ దొరుకుతుంది? నాకు దొరక్కపోయుంటే, ఆ బాలవాడికి తాళం వేసినవి నా ముత్యాల్లాంటి అక్షరాలే అయ్యుండేవి.