ధూళికేతుది ఏ ఊరు?

తెల్లటి గుడ్డ గాలికి ఉబ్బి, టప్పున కొట్టుకుంది. ఆ చప్పుడు వినగానే చేతిలో ఉన్న కాగితాలు పక్కన పెట్టేశాను. చిక్కబళ్లాపురం దాటాక, పని ఆగిపోయిన ఒక రాతి క్వారీలో షూటింగ్ జరుగుతోంది. నటుడి ముఖం మీద ఎండ నేరుగా పడకుండా ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకొని గుడ్డను నిలబెట్టారు. గుడ్డకు పైన కిరీటం కొస, కింద దుమ్ములో రెండు పాదాలు. మధ్యలో మనిషి కనబడడు. నోట్లో రాతిపొడి రుచి తగిలింది. ఆ పాదాల వైపే చూస్తూ నిలబడ్డాను. బాగేపల్లిలో మా స్కూలు వెనక ఎప్పుడో పట్టుకున్న ఎర్రచీర తెర, దాని అవతలి కొసన నిలబడిన అశ్వత్థప్ప మేష్ట్రు గుర్తుకొచ్చారు.

మేము తీస్తున్నది బొమ్మల కథల నుంచి తీసుకున్న సినిమాకు రెండో భాగం. ‘మెరుపు సిద్ధ’ కథలు ఒక తెలుగు వారపత్రికలో ఏళ్ల తరబడి వచ్చాయి. మొదటి భాగం బాగా ఆడింది. రెండో భాగంలో కథానాయకుడు సిద్ధుడికి ఎదురు నిలిచేవాడు ధూళికేతు, ఒళ్లంతా దుమ్ముతో అయిన రాక్షసుడు. రాసేవాళ్లలో నేను అందరికన్నా చిన్నదాన్ని. ధూళికేతు మొదటిసారి తెర మీదికి వచ్చే సీను నేను రాశాను. అందులో పోట్లాట లేదు. బావి దగ్గర కనబడని ఒక ఆడమనిషి గొంతు అతణ్ని ఎవరని అడుగుతుంది, అతడు చెబుతాడు. దర్శకుడికి అది నచ్చలేదు. “పుస్తకం చదివిన పిల్లలు మనల్ని తిడతారమ్మా. వాడు రాగానే కొండ పగలాలి” అన్నారు. బతిమాలితే ఒక్క పూట ఇచ్చారు. మధ్యాహ్నం భోజనాల లోపల సీను నిలిస్తే ఉంటుంది, లేకపోతే తీసేసి పోట్లాటతోనే మొదలుపెడతారు. పొద్దుటి నుంచి తీస్తున్నా నిలవడం లేదు. నటుడు మంచివాడే, కానీ అసిస్టెంటు కాగితం చూసి ప్రశ్నలు చదవగానే ప్రతిసారీ గర్జిస్తున్నాడు.

మేష్ట్రు మాకు డ్రాయింగ్ చెప్పేవారు. పొట్టి మనిషి, ఎండైనా వానైనా చంకలో గొడుగు, కుడి బొటనవేలికి ఎప్పుడూ బొగ్గు మరక. డ్రాయింగ్ గది మూలన ఆయన ఇనుప పెట్టె ఒకటుండేది. దాన్నిండా బొమ్మల కథల పుస్తకాలే. హిందూపురం బస్సులో వచ్చే పత్రికల నుంచి కత్తిరించి, తానే కుట్టి, అట్టలు వేసినవి. మా ఊరు కర్ణాటకలోది, స్కూలు కన్నడ మీడియం కాబట్టి, ఇంట్లో మాట్లాడే భాషలో చదువుకోవడానికి నాకు ఆ పెట్టె తప్ప మరో దారి లేకపోయింది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆయన కథ చెప్పమనేవారు కాదు. “కథ నేనూ చదివినా. మాట లేని గడి ఒకటి చూపించు, చాలు” అనేవారు. ఒక్కొక్క పేజీలో ఆరేడు గడులు, గడి గడికీ మాటల బుడగలు. వాటి నడుమ ఎవరూ ఏమీ మాట్లాడని బొమ్మ ఒకటైనా ఉంటుందని ఆయన నమ్మకం. నాలుగు మాటలు కలిపి చెప్పాలంటే చెమటలు పట్టే నాకు, వేలు పెట్టి చూపడం సులభంగా ఉండేది. నేను చూపిన గడిని ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి మరీ చూసేవారు. “ఊఁ, ఈడ ఏదో ఉండాది” అని ఇంకో పుస్తకం తీసిచ్చేవారు. ఏం ఉందో మాత్రం చెప్పేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మేష్ట్రు స్కూల్ డేకి ధూళికేతు కథను నాటకంగా రాయమన్నారు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ తెలుగే కాబట్టి ఏటా ఒక తెలుగు నాటకం ఉండేది. నేను బుడగల్లో ఉన్న మాటల్ని ఉన్నవున్నట్టుగా దించేశాను. ధూళికేతు వేషం నా క్లాస్‌మేట్ నాగమణిది. గొంతు విప్పితే బస్టాండు దాకా వినబడే పిల్ల. పుస్తకంలో అతడు అడుగుపెడితే దుమ్ము సుడి తిరుగుతుంది కాబట్టి, మేము ఇళ్ల నుంచి పొయ్యిబూడిద తెచ్చి పొట్లాలు కట్టాం. నాగమణి “హహహ, నేనే ధూళికేతు!” అంటూ దూకింది, పక్కల నుంచి పొట్లాలు పగిలాయి, గాలి ఎదురు తిరిగింది. ముందు వరసలో కూర్చున్న పెద్దలందరూ తెల్లగా అయిపోయి తుమ్ముతుంటే వెనక జనం పడీ పడీ నవ్వారు. మర్నాటి నుంచి నాగమణి పేరు బూడిదమ్మ అయింది. నేను ఎదురుపడితే చాలు, “ఏమే శైలజా, ఈసారి నువ్వే రాసి నువ్వే ఎయ్ వేషం. నా తలా బూడిదే, నా మర్యాదా బూడిదే” అని కొట్టడానికి వచ్చేది.

మరుసటి ఏడు పత్రికలో ధూళికేతు తిరిగి వచ్చాడు. చచ్చాడనుకున్నవాడు దుమ్ములోంచి లేచాడు. మేష్ట్రు నన్నూ నాగమణినీ పిలిచి, “రెండో భాగం ఎయ్యాల మనం” అన్నారు. నాగమణి తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమెను బతిమాలలేదు. పెట్టె అడుగు నుంచి ఒక ఎర్ర చీర తీశారు. బట్లహళ్ళి వైపు ఊళ్లలో వాళ్ల నాయన వీధి నాటకాల్లో రాక్షస వేషాలు కట్టేవాడట. ఆ చీర అప్పటి తెర. చిన్నప్పుడు దాని కొస పట్టుకొని నిలబడటమే మేష్ట్రు పని. “రాక్షసుడు ఊరికే వచ్చేసి అరిచేది లేదు. తెర ఎనక నిలబడాల. ముందు కథ నడిపేవాడు అడుగుతాడు, మీరెవరు, యాడ్నించి వస్తాండారు, ఏం పని మీద వచ్చినారు అని. అన్నిటికీ జవాబు చెప్పినాంకనే తెర దించేది. మా నాయనకు జవాబు సరిగా రాకపోతే, ఎంతసేపైనా సరే, నేను కొస వదల్లేదు. అలిసిపోయి నన్నే తిట్టేవాడు తెర ఎనక నుంచి!”

స్కూలు వెనక ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. నాగమణిని మాటల్లో పెట్టి తెర వెనకకు పంపారు. అడగమని నాకు సైగ చేశారు. నేను తల వంచుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి తెరను నా ముఖం దాకా ఎత్తారు. “ఇప్పుడు నువ్వు యవురికీ కనపడవు. అడుగు. మర్యాదగా అడుగు, అప్పా అని పిలిచి అడుగు. వాడు పగోడు అయ్యేది తర్వాత. ఇప్పుడు మన ఊరికి వచ్చినోడు.”

“ఎవరప్పా నువ్వు?” అన్నాను తెరకే చెబుతున్నట్టు.

“నేనే ధూళికేతు! హహహ!”

“ఏ ఊరప్పా నీది?”

తెర కాస్త కదిలింది. నాగమణి తల బయటపెట్టి, “ఇదేం మేష్ట్రే, పుస్తకంలో ఊరు రాయలేదే?” అంది.

“అయితే ఆకాశంలోంచి ఊడిపడినాడా? తెర దించేది లేదు. ఇంటికి పోండి.”

ఆ వారమంతా అదే వరస. నాకు కోపం వచ్చి, మాట లేని గడి కోసం పుస్తకాలన్నీ తిరగేశాను. ఒకటి దొరికింది. ఊరిని నేలమట్టం చేసిన తర్వాత ధూళికేతు ఒంటరిగా కూర్చొని పిడికిలి విప్పి చూసుకుంటున్నాడు. పిడికిట్లో కాస్త దుమ్ము. బుడగ లేదు. ఆ బొమ్మ చూస్తుంటే జంగమకోటె దగ్గరి మా పిన్నమ్మ చేతులు కళ్లకు కట్టాయి. వాళ్ల తోట పక్కన క్వారీ వచ్చాక మల్బరీ ఆకుల మీద రాతిపొడి పేరుకునేది. ఆ ఆకు వేస్తే పట్టుపురుగులు ముట్టేవి కావు. పిన్నమ్మ పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది. అయినా ఆ పంటలో పురుగులన్నీ వెదురు తట్టల్లోనే చచ్చిపోయాయి. తట్టలు కడిగేసి వచ్చి పిన్నమ్మ అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి అంతకుముందు నా డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు. ఆ రాత్రి దాన్నే ధూళికేతు జవాబుగా రాశాను.

రాసింది చూసి నాగమణి, “ధూళికేతు పట్టుపురుగులు సాకేవాడా? పిల్లోళ్లు నవ్వుతారే! పుస్తకంలో ఇట్ల లేదు” అంది. మేష్ట్రు పిడికిలి బొమ్మను ఆమె ముందు పెట్టారు. “ఇది పుస్తకంలో ఉండాది గదా. వాడు చూసుకుంటా ఉండేది ఏంది? అదే శైలజ రాసింది. కిరీటం తీసెయ్యి, రెక్కలు తీసెయ్యి, బూడిద పొట్లాలు ముందు తీసెయ్యి. కోపం మటుకు వాడిదే ఉండల్ల. దొంగ కోపం అయితే జనం కనిపెట్టేస్తారు.”

స్కూల్ డే నాడు మేము ఎర్రచీర తెర పట్టగానే ఎవరో “బూడిదమ్మొచ్చె!” అని అరిచారు. జనం నవ్వారు. ముఖం కనబడకుండా తెర పట్టుకొని నేను అడిగాను. తెర కింద నాగమణి పాదాలు కదల్లేదు. “నాది క్వారీ పక్క ఊరు. నా ఆకు మీద దుమ్ము పడె. నా పురుగులు మేత ముట్టలే. మీరంతా ఆ దోవనే పోతాంటిరి, యవురైనా నిలబడి అడిగినారా? ఇప్పుడు మీ ఆకు మీద పడేదానికి వచ్చినా.” అరవలేదు ఆ పిల్ల. మామూలు గొంతుతోనే చెప్పింది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మేష్ట్రు కొస వదిలారు, నేనూ వదిలాను. నాటకం చివర సిద్ధుడు గెలిచాడు. చప్పట్లు కొట్టిన వాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత నాగమణిని ఎవరూ బూడిదమ్మ అనలేదు.

మేష్ట్రును చివరిసారి చూసింది చింతామణిలో. రిటైరయ్యాక కూతురింట్లో ఉండేవారు. ‘మెరుపు సిద్ధ’ మొదటి భాగానికి ఆయన్ను నేనే తీసుకెళ్లాను. రెండో భాగానికి రాసే పనిలో చేరానని అక్కడే చెప్పాను. సినిమా అయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చున్నారు.

“సిద్ధుడు బాగుండాడు. బాగా దూకినాడు. ఆ పగోడు యాడోడమ్మా?”

“చెప్పలేదు మేష్ట్రే.”

“అడిగినోళ్లే లేరు, వాడెట్ల చెబుతాడు పాపం? వాడు చచ్చిపోతాంటే నేను పాప్‌కార్న్ ఏరుకుంటాండా. ఈసారి నువ్వు అడుగు.”

“అంతమంది పెద్దోళ్లలో నా గొంతు యవురికి వినపడుతుంది మేష్ట్రే?”

“వాళ్ల దగ్గర మైకులుంటాయి లేమ్మా. నువ్వు అడిగితే చాలు.”

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. ఆ ఎర్ర చీర ఏమైందో నాకు తెలియదు.

క్వారీలో ఎండ నడినెత్తికి వస్తోంది. దర్శకుడు గడియారం చూసుకొని, “ఇంకొక్కటి తీద్దాం. రాకపోతే వదిలేద్దాం” అన్నారు. నేను వెళ్లి, గుడ్డ పట్టుకున్న వాళ్లలో ఒకరి చేతి నుంచి కొస తీసుకున్నాను. “ఏమ్మా, ఏంటది?” అన్నారు దర్శకుడు. “నేను అడుగుతాను సార్. కెమెరా నడవనీయండి” అన్నాను. గుడ్డను ముఖం దాకా ఎత్తుకున్నాను. ఇక నేను ఎవరికీ కనబడను.

“ఎవరప్పా నువ్వు?”

“నేనే... ధూళికేతుని!” గర్జన రాళ్లకు తగిలి వెనక్కి వచ్చింది.

“యాడ్నించి వస్తాండావప్పా?”

అతడు కాగితంలో ఉన్న మాట అందుకోబోయాడు, మళ్లీ అదే గర్జనతో. నేను గుడ్డ దించలేదు. ఇంకోసారి అడిగాను, అంతే మెల్లగా. ఏదో ఊళ్లోకి వచ్చి దారి తెలియక నిలబడిన మనిషిని అడిగినట్టుగా. గుడ్డ కింద అతడి కాలివేళ్లు దుమ్ములో దిగబడటం చూశాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. తన ఊరి గురించి, తడిగుడ్డతో ఆకులు తుడవడం గురించి, తట్టల గురించి. కాగితంలో ఉన్న మాటలే, గొంతు మాత్రం వేరే. చివరి మాట అయ్యాక కొస వదిలాను. గుడ్డ జారింది. అతడు కెమెరా వైపు కాక తన పిడికిలి వైపు చూసుకుంటున్నాడు. అది నేను రాసింది కాదు.

దర్శకుడు చాలాసేపు కట్ చెప్పలేదు. చెప్పాక, “సీను ఉంటుంది” అన్నారు. తర్వాత మైకుల మనిషి వైపు తిరిగి, “ఆ అడిగిన గొంతు కూడా తీసేయకండి, అదే ఉంచేయండి” అన్నారు.

ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. కొత్త కథ చేతికి వచ్చినప్పుడు, అందులోని దుర్మార్గుడి బొమ్మను ముందు పెట్టుకొని, మాట లేని గడి కోసం వెతుకుతాను. అది దొరికాక వాణ్ని తెర వెనక నిలబెట్టి, అప్పా అని పిలిచి, ఊరు అడుగుతాను. గడువు దగ్గర పడిందని ఫోన్లు వస్తూనే ఉంటాయి. జవాబు వచ్చేదాకా నేను కొస వదలను.