తుక్కు మాస్టారి లెక్క

తుక్కు మాస్టారికి ఒకటే జబ్బు. బల్లపరుపుగా ఉన్న వస్తువేదైనా కళ్లబడితే చాలు, వృథా కాకుండా దాన్ని ఎన్ని ముక్కలు కొయ్యవచ్చో తేలందే ఆయన ప్రాణం కుదుటపడదు.

ఇనప రేకులు కోసే కర్మాగారంలో ఆయన ఉద్యోగమూ అదే. రేకులో ఏ ముక్కని ఎటు తిప్పి పెడితే తుక్కు తగ్గుతుందో కంప్యూటరులో గణితం కట్టి, గీతలు గీసి మిషను దగ్గరికి పంపుతారు. ఆయనొచ్చాక, వందకి పద్దెనిమిది పాళ్లు పోయే తుక్కు తొమ్మిదికి దిగింది. ఇంట్లో మాత్రం ఆయన చేతికి కత్తి ఇవ్వరు. కూతురి పుట్టినరోజున కేకు ముందు కొలబద్ద పట్టుకుని గంట కూర్చున్నారు.

"నాన్నా, కొవ్వొత్తి కరిగి కేకు మీద పడుతోంది!"

"ఉండమ్మా, ఆ మూల వృథా అవుతోంది."

కర్మాగారంలో తుక్కు ఏరి బండికెత్తే పెద్దమ్మకి ఆయనంటే గుబులు. తుక్కే లేకపోతే ఇక తనెందుకు?

"నా నోటి దగ్గర కూడు లాగేస్తున్నారు మాస్టారూ," అని ఎదురుపడ్డప్పుడల్లా దెప్పేది. పైగా ఈమధ్య కుడి భుజం పట్టేసింది. సంగతి తెలిస్తే మేనేజరు మర్నాడే ఇంటికి పంపేస్తాడని, ఎవరికీ చెప్పకుండా పళ్లబిగువున నెట్టుకొస్తోంది.

ఒక సోమవారం నుంచి తుక్కు తీరే మారిపోయింది. బారెడు ముక్కలు మాయమై, ఒంటిచేత్తో ఎత్తగలిగిన చిన్నవే వస్తున్నాయి. భుజానికి హాయిగా ఉంది. కానీ ఆ వారాంతంలోనే మేనేజరు షెడ్డులో అందరూ వింటుండగా మాస్టారిని కడిగేశాడు.

"తొమ్మిది కాస్తా పదకొండయిందేంటండీ? ఏమైపోయింది మీ గణితమంతా?"

మాస్టారు తల దించుకుని, "చూస్తానండీ," అన్నారు.

పెద్దమ్మ మనసు చివుక్కుమంది. భోజనాల వేళ ఆయన గదికి వెళ్లింది.

"లెక్క తప్పారా మాస్టారూ?"

"నేనా! తప్పడమా!" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "లెక్కలో ఒక షరతు కలిపాను, అంతే. మిగిలే ముక్క ఏదీ నాలుగు కిలోలు దాటకూడదని. అలా విడగొడితే రెండు పాళ్లు పోక తప్పదు."

"ఎందుకొచ్చిన షరతు?"

"రెండు వారాల నుంచీ అంతా ఎడం చేత్తోనే ఎత్తుతున్నావుగా. కిటికీలోంచి కనబడదా?"

ఇన్నాళ్లూ దెప్పినందుకు పెద్దమ్మకి సిగ్గేసింది.

"ఆ మాట మేనేజరుకి చెప్పొచ్చుగా?"

"చెబితే ఉంచుతాడా నిన్ను?" అని మాస్టారు గొంతు తగ్గించి, దీనంగా బతిమాలారు. "కాస్త త్వరగా వైద్యం చేయించుకో పెద్దమ్మా. రెండు పాళ్లు! తిండి సయించడం లేదు నాకు."

నవ్వు ఆపుకుంటూ పెద్దమ్మ ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి బయల్దేరింది.