అమ్మ వేసుకున్న కొసరు

మా చిన్నప్పుడు ఆళ్ళగడ్డ సంతలో తక్కెడ దించినా అమ్మ సంచి దించేది కాదు... "కొసరెయ్యవ్వా!" అనేది. కూరగాయల అవ్వ గొణుగుతూనే పిడికెడు పచ్చిమిరపకాయలు పైన వేసేది. అవ్వ వేరే బేరాల్లో ఉంటే అమ్మే తీసి వేసుకునేది. అవ్వ ఏమీ అనేది కాదు...

ఎనభైల చివర్లో నాయనకు మస్కట్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. కొన్నాళ్ళకు అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. మేం వెళ్ళిన మొదటి శుక్రవారం... పెద్ద షాపులో సామాన్లు కొని, అటునుంచి హోటల్లో భోజనం అన్నాడు. నా ధ్యాసంతా ఆ హోటల్ మీదే.

షాపులో ఒకతను మిరపకాయలు తూచి, కవరుకు ధర చీటీ అంటించి ఇచ్చాడు. అమ్మ కవరు మూతి విప్పి, ఇంకో పిడికెడు వేసుకుంది. దాచుకుని కాదు... అందరి ముందే, నవ్వుతూ.

డబ్బులు కట్టే చోట ఉన్న అమ్మాయి కవరును చేత్తో ఎత్తి చూసింది. చీటీ చూసింది. మేనేజరును పిలిచింది. ఆయన హిందీలో ఏదో అడిగాడు. నాయన అమ్మ వైపు తిరిగాడు.

"తూకమేసినాక మళ్ళా ఏసుకున్నావా?"

"కొసరు గదా! యాడైనా ఏసుకుంటారు గదా?"

"ఈడ దాన్ని దొంగతనమంటారు. మాట్లాడాకు."

పోలీసు అన్న మాట వినపడింది... మేనేజరు అన్నాడో, నాయనే భయపడి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని, ముగ్గురినీ విమానం ఎక్కిస్తారని మాత్రం నాకూ అర్థమైంది. నాయన తనకొచ్చిన నంద్యాల ఉర్దూలో, మా సంతలో తూకం పైన ఇంత వేయడం మామూలేనని చెబుతూనే ఉన్నాడు. వెనక జనం చూస్తున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది...

చివరికి మేనేజరు కవరు మొత్తం మళ్ళీ తూయించి, కొత్త చీటీ అంటించి మా వైపు తోశాడు.

అటునుంచి హోటల్‌కు వెళ్ళాం. వడ్డించే అతను అడక్కుండానే ఇంకో గరిటె సాంబారు పోయబోతే, అమ్మ రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టింది.

"ఈడ సాంబారు ఎంతైనా పోస్తారు మే, తిను."

"మనం అడగలేదు గదా... నాకొద్దు."

ఏడాదికి సెలవుల్లో ఆళ్ళగడ్డ వచ్చాం. సంతలో అవ్వ తనే పిడికిలి నింపి, "సంచి పట్టుమ్మే" అంది. అమ్మ సంచి మూతి బిగించేసింది.

"వద్దవ్వా, చాల్లే."

"మస్కట్టు పొయ్యొచ్చినాక మా కొసరు చేదైందా?"

అవ్వ పిడికిలి కాసేపు అలాగే గాల్లో ఉండి, మిరపకాయల్ని మళ్ళీ కుప్పలోకి వదిలేసింది...

ఇప్పుడు నంద్యాలలోనూ తూచి చీటీ అంటించి ఇచ్చే షాపులే. కొసరు వేసేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. ఆ రోజు నాయన అమ్మతో చెప్పింది నిజమే... కానీ 'దొంగతనం' బదులు ఇంకో మాట వాడి ఉండొచ్చేమో అని, ఆ చీటీ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మీ ఊరి సంతలో అడక్కుండానే కొసరు వేసిన చేతులు ఎవరివి? గుర్తుంటే రాయండి... మా అమ్మకు చదివి వినిపిస్తాను.