పని జరగనట్టే

ఎనిమిదో తరగతిలో మా సైన్సు టీచరు ప్రదర్శన కోసం నాకు సరళ యంత్రాలు అంటగట్టింది. తక్కినవాళ్ళకి అగ్నిపర్వతాలూ గ్రహాలూ దక్కాయి, నాకేమో మీట, గిలక, వాలుబల్ల. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. అప్పటికే నాన్న డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే కంపెనీ మూతపడింది. కొత్త కఫీల్, అంటే వీసాకి పూచీ ఉండే అరబ్బు యజమాని, దొరక్కపోతే వీసా పోతుంది. ముగ్గురం మనామా వదిలి కాకినాడ వెళ్ళిపోవాలి, నా బడి మధ్యలో ఆగిపోతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఒంటిగది ఇంట్లో ఒకరు చెప్పాలా?

నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, మధ్యాహ్నానికి వడిలిపోయి వచ్చేవాడు. అమ్మ తలుపు తీస్తూనే "పనైందాండీ?" అనేది. "చూద్దామన్నారు" అనేవాడు. భోజనమయ్యాక నాన్నా నేనూ ప్రాజెక్టు ముందేసుకునేవాళ్ళం. టైలర్ షాపులో అడిగి తెచ్చిన ఖాళీ దారపు రీళ్ళు గిలకలయ్యాయి. థర్మోకోల్‌ని ఆయన గీత గీసినట్టు కోస్తుంటే నాకు భయమేసేది. ఆయనకి అంత తీరిక ఎన్నడూ లేదు.

ఇంగ్లీషు పుస్తకం నా బుర్రకెక్కడం లేదని పాఠం తెలుగులో చెప్పేవాడు. నేను గట్టిగా వల్లెవేసేదాన్ని. ఓ సాయంత్రం అదే చేస్తున్నాను: "ఎంత బలం పెట్టినా, ఎంత అలిసిపోయినా, వస్తువు కదలకపోతే పని జరగనట్టే."

పొయ్యి దగ్గర్నుంచి అమ్మ గరిటెతో సహా వచ్చేసింది.

"ఏంటే ఆ మాటలు? మీ నాన్న కాళ్ళరిగేలా తిరుగుతుంటే నీకు ఎగతాళిగా ఉందా?"

"పుస్తకంలో ఉందమ్మా!"

"ఏ పుస్తకంలో ఉంటాదే, తండ్రిని అలా అనమని?"

నాన్న నవ్వాడు. "సైన్సు పాఠమేలే. రోజంతా గోడని తోసినా అది పని కిందకి రాదంట" అన్నాడు. అంటూ అంటూనే ఆయన నవ్వు ఆగిపోయింది. పాఠం ఇంగ్లీషులోనే బట్టీ పట్టి ఉంటే అమ్మకి అర్థమయ్యేది కాదు, ఈ గొడవా ఉండేది కాదు. పనికీ ఉద్యోగానికీ ఒకటే మాట పెట్టినవాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

చివరికి హిద్‌లో ఓ షిప్‌యార్డు వాళ్ళు రమ్మన్నారు, సరిగ్గా మా ప్రదర్శన రోజున. "వీళ్ళూ కాదంటే ఇక ఖలాస్, టికెట్లు తీసుకోడమే" అని నాన్న అమ్మతో అనడం విన్నాను. నాతో మాత్రం, "పని దొరికితే ఆ పూటే డ్యూటీలో చేరమంటారు. నీ ప్రాజెక్టు చూడ్డానికి రాలేను తల్లీ, ఏమనుకోకు" అన్నాడు. అంతకుముందు మా బడికి ఆయన ఎప్పుడూ వచ్చింది లేదు. ప్రతిసారీ అలిగేదాన్ని. ఈసారి మాత్రం నాన్న రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

ఆ రోజు హాలు నిండా అమ్మలే. నాన్నలంతా డ్యూటీల్లో ఉన్నారు. నేను దారం లాగి డబ్బా పైకెత్తుతూ, వచ్చినవాళ్ళకి పాఠం అప్పజెబుతున్నాను. తలెత్తేసరికి గుమ్మంలో నాన్న కనిపించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే, దారం ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

టీచరు మురిసిపోయింది. "చూశావా, నీ కోసం మీ నాన్నగారు సెలవు పెట్టి మరీ వచ్చారు!" అంది.

నాన్న ఆవిడకి నమస్కారం పెట్టి, నా బల్ల పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొదట్నుంచీ చెప్పమ్మా" అన్నాడు. "నాకేం తొందర లేదు."