పాత అమెరికా, పిడికెడు బియ్యం

అమెరికాకు స్వాతంత్ర్యం తెచ్చింది మా తాతయ్యే. కాకపోతే రెండు వందల ఏళ్లు ఆలస్యంగా, అదీ కలిదిండి దగ్గర పుట్టారు కాబట్టి ఆ పేరు వేరేవాళ్లు కొట్టేశారు.

తాతయ్య పేరు నిత్యానందం. బడిపంతులుగా రిటైరయ్యారు. అమెరికా మిషనరీలు బంగళా ఖాళీ చేసినప్పుడు ఎవరూ పట్టుకెళ్లని ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటినుంచీ ఒళ్లు ఇక్కడ, మనసు పాత అమెరికాలో. పొద్దున్నే చెరువు గట్టు మీద కూర్చుని, కొల్లేటి మంచులోంచి తెరచాప ఓడలేవో వస్తున్నట్టు చూస్తుండేవారు. ఆ దేశంలో పూర్వం చర్చి పన్ను కట్టని వాళ్ల ఆవుల్ని తోలుకుపోయేవారట. కొందరు సొంత ఖర్చుతో చిన్న పుస్తకాలు అచ్చేసి, భక్తిలో బలవంతం కూడదని ఊరూరా పంచారట. ఆ ఆవుల సంగతి చెబుతూ తాతయ్య కళ్లు తుడుచుకునేవారు. మా గేదె తప్పిపోయిన రోజున మాత్రం కదలకుండా నన్ను పంపారు.

మా ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. నెలకోసారి చర్చికి ఇస్తారు. 2004లో చర్చి సెక్రటరీ కనకరాజు గారు, ఇవ్వని ఇళ్ల పేర్లు ఆరాధనలో చదువుతామని రూలు పెట్టారు. తాతయ్య ఏలూరు వెళ్లి 'బలవంతపు పిడికెడు' అని చిన్న పుస్తకం అచ్చేయించారు. ప్రూఫులు దిద్దింది పదో తరగతి తప్పిన నేనే. అందులో అచ్చుతప్పులుంటే అవీ స్వేచ్ఛలో భాగమే.

పుస్తకం చదివి కనకరాజు గారు చర్చి గుమ్మంలో, అందరి ముందూ నవ్వారు.

"మేష్టారూ, ముందు మీ ఇంట్లో ఆపించండి. తర్వాత ఊరికి చెబుదురు గాని."

నిజమే. మా నానమ్మ దేవకుమారి ఏనాడూ పిడికెడు మానలేదు. తాతయ్య వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మానమంటే, బలవంతం కూడదన్న తన పుస్తకాన్ని తనే కాదన్నట్టు. వెయ్యనిస్తేనా, ఊరంతా నవ్వు. నానమ్మ బియ్యం కొలుస్తూ తలెత్తకుండా అడిగింది.

"మానెయ్యమంటారా?"

ఎసరు మరుగుతోంది. ఆ ఆవిరిలో తాతయ్య ఏ సముద్రం అవతలికో వెళ్లి, తీరిగ్గా తిరిగొచ్చారు.

"చెయ్యి నీది. నీ ఇష్టం" అన్నారు.

నానమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆ ఆదివారం బియ్యం డబ్బా తాతయ్యే మోశారు. చంకలో పుస్తకాల కట్ట. రెండూ కనకరాజు గారి చేతిలోనే పెట్టారు. జనం బాగానే నవ్వారు. తిరిగొస్తుంటే నీళ్లూ వెలుతురూ కలిసిపోయి, గట్టు మీద నడుస్తున్నామో తేలుతున్నామో తెలియలేదు. నేను ఊరుకోలేక, ఓడిపోయినట్టేనా తాతయ్యా అని అడిగాను.

"బియ్యం మీ నానమ్మవి. పుస్తకం నాది. మధ్యలో నీ గోలేంటి? నడు."